ఇబు రెనింగ్ మాట

“ఓడ దగ్గరికి ఇవాళ వద్దు,” అంది రెనింగ్, తల మీది గాలి సిలిండర్ దించకుండానే.

అర్దికా కాఫీ తాగబోతూ ఆగాడు. ఇవాళ గైడుగా అతను నీళ్లలోకి తీసుకెళ్లాల్సిన ప్రమెస్తి మలాంగ్ నుంచి వచ్చిన బడిపంతులమ్మ. స్కూబా డైవింగ్ నేర్చుకున్నట్టు కార్డు చేతికొచ్చి నాలుగు రోజులైంది. ఆ కార్డుతో దిగడం ఇదే మొదలు. ఈ తులాంబెన్ ఊరికి వచ్చేవాళ్లందరిలాగే ఆవిడా ఒడ్డుకి దగ్గర్లో మునిగి ఉన్న పాత ఓడని చూడాలనే వచ్చింది.

“ఎందుకొద్దు ఇబూ? సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంటేనూ.”

“పైన అలాగే ఉంటుంది. కింద నీళ్లు పరుగెడుతున్నాయి. పంతులమ్మని లోతు తక్కువుండే పగడాల తోటకి తీసుకెళ్లు.”

అంతే చెప్పి, నల్లటి గుండ్రాళ్ల మీద రబ్బరు చెప్పులతో చకచకా నడుచుకుంటూ షెడ్డులోకి వెళ్లిపోయింది. ఆ ఊళ్లో సిలిండర్లు మోసేది ఆడవాళ్లే. నెత్తిన చుట్టకుదురు, దాని మీద ఒక సిలిండర్, తొందరైతే రెండు. మగవాళ్లు ఒక్కటి వీపున కట్టుకునేసరికే మూలుగుతారు. రెనింగ్‌కి యాభై ఎనిమిదేళ్లు. అందులో ముప్ఫై ఏళ్లు ఈ మోతలోనే గడిచాయి. ఊరంతా ఆవిడని అమ్మతో సమానంగా ఇబు అనే పిలుస్తారు, తలపండిన గైడ్లు కూడా ఆవిడ మాట విన్నాకే నీళ్లలో దిగుతారు. వయసులో ఉన్నప్పుడు ఎన్ని లోతులు చూసొచ్చిందోనని అర్దికా అనుకునేవాడు. అతను కొండ మీది ఊరి నుంచి దిగొచ్చి పనిలో చేరి మూడు వారాలే అయింది. అడగడానికి మొహమాటం.

అతను పనిచేసే స్కూబా షాపు యజమాని ముదనకి మాత్రం ఇబు మాటంటే గిట్టదు. ఆయన నమ్మేది గోడకి తగిలించిన ఆటుపోట్ల పట్టికని. ఇవాళ పోటు మెత్తగానే ఉందని అందులో వేలు పెట్టి చూపించాడు. తోటలో చూపించడానికి చేపపిల్లలు తప్ప ఏమున్నాయని అడిగాడు.

“పక్క షాపువాళ్లు కొత్తవాళ్లని నలుగుర్ని ఓడకే తీసుకెళ్తున్నారు. మన టీచరమ్మ అలిగి అటు వెళ్లిపోయిందనుకో, రేపటి నుంచి నువ్వు కొండెక్కి ఆవులు కాసుకోవడమే,” అన్నాడు.

అర్దికా కాఫీ పక్కన పెట్టేశాడు. అతనికి ముందున్న గైడు ఇలాంటి పూటే ఒక కొత్త పిల్లని ఓడకి తీసుకెళ్లాడు. ప్రవాహం లాగేసరికి ఆ పిల్ల బెదిరిపోయి నీళ్లలోనే మాస్కు పీకేసింది. పిల్ల ప్రాణం దక్కింది గానీ గైడు ఉద్యోగం పోయింది. ఆ రోజూ ఓడకే తీసుకెళ్లమన్నది ఈ ముదనే. ఇవాళ తీసుకెళ్లినా తప్పు అర్దికాదే, తీసుకెళ్లకపోయినా అర్దికాదే.

బయట ప్రమెస్తి మాస్కుని నాలుగోసారి కడుగుతోంది. అది చూశాక అతనికి ఉద్యోగం సంగతి పక్కకి పోయింది.

“టీచర్‌గారూ, ఓడ ఎక్కడికీ పోదు. కింద నీళ్లు పరుగెడుతున్నాయని మా ఇబు అంటున్నారు. ఇవాళ తోటకి వెళ్దాం.”

“ఓడ కోసమే కదా ఇంత దూరం వచ్చాను.”

“బళ్లో చేరిన రోజే పిల్లలకి గుణకారాలు చెప్తారా మీరు?”

ప్రమెస్తి నవ్వేసింది. సరేనంది.

తోటలో లోతు ఎనిమిది మీటర్లు. గోరువెచ్చటి నీళ్లు కదలకుండా ఉన్నాయి. మొదటి ఐదు నిమిషాలు ఆవిడ అతని చేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది. తాబేలొకటి రాతి మీది నాచు కొరుక్కుంటూ, వీళ్లని లెక్కచేయకుండా ఎదురుగా వచ్చింది. ఆవిడ అతని చెయ్యి ఎప్పుడు వదిలేసిందో గానీ, ఆ తర్వాత మళ్లీ పట్టుకోలేదు.

ఒడ్డుకొచ్చేసరికి అక్కడంతా గోలగా ఉంది. పక్క షాపు నలుగుర్నీ ప్రవాహం ఓడ దగ్గర నుంచి ఊడ్చుకుపోయిందట. ఎక్కడో దూరాన తేలితే చేపల పడవవాడు చూసి ఎక్కించుకొచ్చాడు. అందరూ క్షేమమే గానీ ఒకమ్మాయి ఏడుపు ఇంకా ఆగలేదు. ముదన ఎవరి వంకా చూడకుండా అర్దికాకి ఇంకో కాఫీ పోయించాడు.

అర్దికా రెనింగ్ ముందు రెండు చేతులూ జోడించాడు. ప్రమెస్తి తడి బట్టలతోనే ఆవిడని వాటేసుకుంది.

“మీ మాట వినకపోతే ఆ అమ్మాయిలా నేనూ ఏడుస్తూ ఉండేదాన్ని. మీ రుణం తీర్చుకోలేను ఇబూ. కింద నీళ్ల సంగతి మీకెలా తెలిసింది?”

“ఇందులో ఏముంది తల్లీ. పొద్దున్నే ఆరితేరినవాళ్లు ముగ్గురు ఓడకి వెళ్లొచ్చారు. వాళ్ల సిలిండర్లు నెత్తికెత్తుకుంటే ఎప్పటికంటే తేలిగ్గా ఉన్నాయి. అంత గాలి పీల్చేశారంటే కింద ఎంత పెనుగులాడి ఉండాలి? తోట నుంచి వచ్చినవైతే ఇంకా బరువుగానే ఉన్నాయి.”

అర్దికా నోరు వెళ్లబెట్టాడు. ఎవరి గాలి వాళ్లు చూసుకుంటారు, అందరి గాలీ ఆవిడ నెత్తి మీదుగానే పోతుంది. ఇన్నాళ్లూ అతనికి ఆ ఆలోచనే రాలేదు.

ప్రమెస్తికి హుషారొచ్చింది. “అయితే రేపు మీరూ మాతో ఓడకి దిగాలి. మీ అంత అనుభవమున్న మనిషి పక్కనుంటే నాకు ఏ భయమూ ఉండదు.”

రెనింగ్ చుట్టకుదురు విప్పి మొహం తుడుచుకుంది.

“నాకు ఈత రాదు తల్లీ.”