సగం బూటు

“బూట్లు విప్పు,” అన్నాడు మైకు.

గేటు ముందు నిలబడ్డ కొత్త మనిషి అర్థం కానట్టు చూశాడు. నడివయసు, బక్క మనిషి. చేతిలో తాడుతో కట్టిన చెక్కపెట్టె. కాళ్లకి నల్లగా మెరిసే విదేశీ బూట్లు.

మైకు అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పక్కవాడితో మాట్లాడినా నాలుగు వీధులకి వినిపించాల్సిందే. ఆ గేటు లోపలి బూట్ల షెడ్డులోనే తోలు కత్తిరించేవాడు. పరాయి సరుకు మీద పన్ను వేస్తానని నాయకుడు చెప్పిన రోజు నుంచి కత్తెర వదిలి జెండా పట్టుకున్నాడు.

అతని వెనక విదేశీ బూట్ల కుప్ప మండుతోంది. చుట్టూ షెడ్డు జనం.

ఆ షెడ్డులో కుట్టేది బూటు పైభాగం ఒక్కటే. అది సరిహద్దు దాటి వెళ్తుంది. అవతల దానికి అడుగున సోలు పడుతుంది. పూర్తి బూటై తిరిగొచ్చి, ఇక్కడి దుకాణాల్లో విదేశీ సరుకుగా అమ్ముడవుతుంది.

పన్ను పడిన రోజు షెడ్డంతా ఈలలు వేసింది. ఆ తర్వాత అవతల నుంచి ఆర్డరు రాలేదు. కుట్టిన సరుకు గోడవారనే ఉండిపోయింది. మిషన్లు ఒక్కొక్కటీ ఆగిపోతున్నాయి.

“మనమీద కక్ష కట్టారు. మన నోటి దగ్గర కూడు లాక్కుంటున్నారు,” అన్నాడు మైకు.

అందరూ నమ్మారు. ఖాళీగా కూర్చున్న చేతులకి ఏదో ఒక పని కావాలి మరి.

“నాకు లోపల పని ఉంది. మీ సారుని కలవాలి,” అన్నాడు కొత్త మనిషి.

“యాస విన్నావా అక్కా? అవతలివాడు,” అన్నాడు మైకు.

అక్క అంటే సూదక్క. మిషను ముందు కూర్చుంటే తల ఎత్తని మనిషి. భర్త మంచం పట్టాక ఇల్లంతా ఆ మిషను మీదే నడుస్తోంది. షెడ్డు మూతపడితే ఆమెకి ఇంకో దారి లేదు.

“సారు లేరన్నా. పొద్దున్నే ఎటో వెళ్లారు. ఏం పని?” అంది.

“ముందు సారుతో మాట్లాడాలి. తర్వాత మీతోనే పని.”

“మాతో నీకేం పని? ఉన్న పనంతా మీరే పట్టుకుపోయారుగా. విప్పు,” అన్నాడు మైకు.

ఆ మనిషి గేటు మెట్టు మీద కూర్చుని లేసులు విప్పాడు. రెండు బూట్లూ జతగా పక్కన పెట్టాడు.

“కాల్చకండి. పైదంతా మీరు కుట్టిందే,” అన్నాడు.

“మేం కుట్టిందైతే నీ కాళ్లకెందుకుంది?”

జనం ఘొల్లున నవ్వారు.

సూదక్క ఒక బూటు చేతిలోకి తీసుకుంది. పూర్తి బూటుని ఆమె దుకాణం అద్దంలోంచి చూడటమే కానీ ఎన్నడూ పట్టుకుని చూడలేదు. మడమ దగ్గర తిప్పి చూసింది. అక్కడ అందరూ రెండుసార్లు వెనక్కి కుడతారు. ఊడిపోతే తిట్లు తినాల్సొస్తుందని ఆమె మాత్రం ఇంకోసారి కుడుతుంది.

ఆ మూడో కుట్టు అక్కడుంది.

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఇది నేను కుట్టిందిరా అని చెబుదామనుకుంది. చుట్టూ అందరి ముఖాలూ చూసింది. తనొక్కతే అడ్డుపడితే రేపు తనతో ఎవరు మాట్లాడతారని భయపడింది. బూటు మైకు చేతికిచ్చేసింది.

“పెట్టెలో ఏముందో చూడండ్రా,” అన్నాడు మైకు.

తాడు తెంచారు. లోపల చెక్క పాదాలు. ఎడమవీ కుడివీ, చిన్నవీ పెద్దవీ. చెయ్యి పడీ పడీ నున్నబడ్డవి.

“కొయ్యకాళ్ల బేరమా? ఇక్కడ అందరి కాళ్లూ బాగానే ఉన్నాయిలే.”

“అవి కాల్చొద్దు,” అంటూ ఆ మనిషి పెట్టె మీద వాలిపోయాడు. “అవి మీకోసమే తెచ్చాను.”

“మీ దయాధర్మాలు మాకొద్దు.”

రెక్క పట్టి పక్కకి లాగి, బూట్లతో పాటు పెట్టెనీ మంటలో పడేశారు. ఎండిన చెక్క కదా, ఇట్టే అంటుకుంది.

మంట తగ్గేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. తర్వాత కంకర రోడ్డు మీద కాళ్లు ఎత్తెత్తి వేస్తూ బస్సు ఆగే చోటుకి నడిచాడు.

సూదక్క వెనకే పరిగెత్తింది. తన చెప్పులు విప్పి ముందు పెట్టింది.

“నీకే ఉండనీ అమ్మా,” అన్నాడు. “నాకు బస్సుంది. నడవాల్సింది నువ్వు.”

బస్సు వెళ్లిపోయిన కాసేపటికి ఓనరు స్కూటరు మీద వచ్చాడు.

“పొద్దుట్నుంచీ టౌను బస్టాండులోనే కాపు కాశాను. పెట్టె పట్టుకుని ఎవరైనా ఇటొచ్చారా?”

అందరూ మైకు వైపు చూశారు.

“వచ్చాడు సార్. పంపించేశాం,” అన్నాడు మైకు. ఈసారి పక్కవాళ్లకి కూడా సరిగ్గా వినబడలేదు.

“పెట్టె ఏదిరా?”

మైకు బూడిద వైపు చూశాడు. ఓనరు కూడా చూశాడు. గేటు మెట్టు మీద కూలబడ్డాడు.

“రేపట్నుంచి ఎవరూ రాకండి. షెడ్డు అమ్మేస్తున్నాను.”

“ఒక్క మనిషి వెళ్లిపోతే షెడ్డు అమ్ముకుంటారా సార్?” అంది సూదక్క. “మళ్లీ పిలిపించండి. కాళ్లు పట్టుకుంటాను.”

“ఫోన్ చేస్తూనే ఉన్నానమ్మా. ఎత్తట్లేదు.”

“ఇంకొకర్ని పిలవండి.”

“ఈ కబురు విన్నాక ఇంకెవరొస్తారు?”

“ఇంతకీ ఎవరు సార్ అతను?”

ఓనరు ఆమె చేతుల వైపు చూశాడు.

“ఇన్నేళ్లూ మీరు కుట్టి పంపినవాటికి అవతల సోలు వేసిన మేస్త్రీ అమ్మా, మన పన్ను దెబ్బకి అక్కడ అతని పనీ పోతే, ఆ పని మీకు నేర్పి బూటు మొత్తం ఇక్కడే చేయిద్దామని, బూటు బిగించే తన చెక్క అచ్చులన్నీ మోసుకుని వచ్చాడు.”