నాలుగో బారు

వడ్రంగి భార్య ఆసుపత్రిలో కన్నుమూసిన రోజున ఆమె తమ్ముడి చొక్కా మందు వాసన కొట్టింది. అది క్షమించే పని కాదు. తాగి వచ్చాడని చుట్టాలంతా అన్నారు. వడ్రంగి అవుననలేదు, కాదనలేదు. బావమరిదితో మాట మానేశాడు. అంతే.

రెండేళ్ళ తర్వాత ఇప్పుడు వడ్రంగి ఆ బావమరిది పక్కనే, అదే నగరంలో, మూడో బారులో కూర్చున్నాడు. కూతురు పోరు పడలేక వచ్చాడు. "రెండు రోజులే కదా నాన్నా, మామయ్య మంచి మంచి బార్లు చూపిస్తాడట" అని టికెట్టు జేబులో పెట్టి పంపింది. వస్తానన్నాడు గాని మాట్లాడతానని ఒప్పుకోలేదు.

సాయంత్రం నాలుగైంది. కుర్చీ ఎత్తుగా ఉంది. వడ్రంగి పాదాలు నేలకి అందడం లేదు. బల్ల అంచు వేలితో తడిమాడు.

"టేకు కాదు. ప్లైవుడ్డు మీద టేకు రంగు" అన్నాడు, ఎవరితోనూ కాదు.

బావమరిది టీపొడి గోదాములో రుచి చూసే ఉద్యోగి. రోజుకి రెండు వందల కప్పులు చప్పరించి ఉమ్మే మనిషి. తనకేం కావాలో వెయిటర్ చెవిలో చెప్పి తెప్పించుకున్నాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సర్రున ఒక గుక్క లాగి, నోట్లో తిప్పి, పక్కనున్న ఖాళీ గ్లాసులో ఉమ్మేశాడు.

"ఇది కాదు బావా. లే."

వెయిటర్ పరుగున వచ్చాడు. "బాగోకపోతే చెప్పండి సార్, మారుస్తాం. అలా ఉమ్మితే పక్కవాళ్ళు చూస్తున్నారు."

"బాగానే ఉందయ్యా. నాక్కావలసింది ఇది కాదు."

వడ్రంగి వెయిటర్ వైపు తిరిగాడు. "ఆయన్ని అడుగు బాబూ. మధ్యాహ్నం నుంచి మూడు చోట్ల ఉమ్మాడు. నా నోట్లో ఒక్క చుక్క పడనివ్వలేదు. ఇంతకీ మంచి బారంటే ఆయన దృష్టిలో ఏంటట?"

"మీరిద్దరూ పక్కపక్కనే ఉన్నారు కదండీ!"

"ఉంటే?"

"ఇంకొక్కటి చూద్దామని మా బావకి చెప్పు బాబూ" అన్నాడు బావమరిది.

"ఆ ఇంకొక్కటి ఇప్పటికి రెండుసార్లు అయిందని చెప్పు."

"బిల్లు తెస్తానండీ" అని వెయిటర్ తప్పించుకున్నాడు.

నాలుగో బారు దారిలో బావమరిది నడక మందగించింది. మలుపు తిరగగానే ఎదురుగా ఆమె పోయిన పెద్ద ఆసుపత్రి గేటు. వడ్రంగి రోడ్డు మీదే ఆగిపోయాడు.

"ఇక్కడికెందుకు తెచ్చావు?"

రెండేళ్ళలో బావమరిదితో నేరుగా అన్న మొదటి మాట అది.

"ఇది నీ కంట పడకూడదనే మూడు బార్లు తిప్పాను బావా. నేను వెతికేది వేరే ఎక్కడా దొరకలేదు. వెనక సందులో ఉంది. ఒక్క గ్లాసు. ఆ తర్వాత కూడా నా మీద కోపం పోకపోతే జన్మలో నా మొహం చూడక్కర్లేదు. నేనూ నీ గుమ్మం తొక్కను."

వడ్రంగి గేటు వైపు చూశాడు. కాసేపటికి సందు వైపు నడిచాడు.

చిన్న గది. ఆరు కుర్చీలు, కాళ్ళు నేలకి ఆనేంత ఎత్తులో. బల్ల ఒకే పలక, మోచేతులు ఆని ఆని అంచు నున్నబడింది. వడ్రంగి దాన్ని తడిమి ఊరుకున్నాడు. బల్ల వెనక ముసలాయన మందులో వేడినీళ్ళు పోశాడు, నిమ్మతొక్క పిండాడు, లవంగాలు వేశాడు. వడ్రంగి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

బావమరిది వాసన చూశాడు. గుక్క తీసుకున్నాడు. ఈసారి ఉమ్మలేదు.

"ఇదే" అని గ్లాసు బావ ముందుకి తోశాడు. "ఆ రోజు నేను తాగలేదు బావా. అక్క తాగింది."

వడ్రంగి గ్లాసు వైపు చూశాడు.

"'మీ బావ శనివారం శనివారం తలుపేసుకుని తాగేది ఏంటో ఒక్కసారి చూడాలిరా' అంది. ఇక్కడికి పరిగెత్తుకొచ్చి ఫ్లాస్కులో పోయించుకెళ్ళాను. రెండు గుక్కలు తాగింది. మూడోదానికి పొలమారి నా చొక్కా మీద పడింది. నవ్వింది బావా! 'ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళు. ఒక్కడూ గదిలో కాకుండా నలుగురి మధ్య కూర్చుని తాగమను' అంది. తను తాగినట్టు మాత్రం నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. తాగుబోతు వెధవ అని అందరూ నన్ను తిడుతుంటే నోరు మూసుకుని పడున్నాను. ఇవాళ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. ఇక నీ ఇష్టం."

"నాకు తెలుసు" అన్నాడు వడ్రంగి.

"ఏంటి తెలుసు?"

"చివర్లో దాని మూతి తుడిచింది నేనే. లవంగం వాసన వచ్చింది."

"తెలిసి కూడానా! మరి రెండేళ్ళు నా మీద కోపం దేనికి?"

"నిన్నడిగింది. నన్నడగలేదు."

"నిన్నడిగితే తెచ్చేవాడివా?"

"తెచ్చేవాణ్ణి కాదు."

వడ్రంగి గ్లాసు ఎత్తి ఆగకుండా అడుగుదాకా తాగాడు. లవంగాలు పెదాలకి తగిలాయి.

"అయినా అడగాల్సింది" అన్నాడు.

"బావా..."

"నోరు ముయ్యి. ఈ మాట ఇక నా దగ్గర జన్మలో ఎత్తకు. నేనూ ఎత్తను."