తెల్ల తూనీగల తావు

"ఇంత సన్నగ ఉంటది సారూ, దారప్పోగు లెక్క. ఒళ్లంత పాలతెలుపు."

మాచర్ల బడిపంతులు అబ్దుల్ గఫార్ ముందుకు వంగాడు. అది నలభై ఎనిమిదో సంవత్సరం. రజాకార్ల భయంతో నైజాం నుంచి కృష్ణ దాటి వచ్చినవాళ్లతో శిబిరం నిండిపోయింది. అందరూ గంజి కోసమో గుడ్డ కోసమో అడిగేవాళ్లే. తూనీగ గురించి అడిగింది ఈ చెన్నమ్మ ఒక్కతే.

"వాలినప్పుడు రెక్కలు పరుస్తుందా, మూస్తుందా?"

"మూస్తది. ఈపు మీద ఒక్కటి చేస్తది."

"అయితే సూదితూనీగ. కాళ్లో?"

"అవీ తెల్లగనే. జర వెడల్పు."

గఫార్ మొహం వెలిగింది. వాగులెంట తూనీగల కోసం తిరుగుతాడని ఊరంతా అతన్ని చూసి నవ్వేది.

"అవి పసివమ్మా. ముదిరితే ఒళ్లు నల్లబడి, కాళ్లు పచ్చబడతై."

"పసివా?" ఆమె గొంతు తగ్గింది. "యాడుంటయి సారూ?"

"ఎండ పొడ తగలని పారే నీళ్లకాడ. ఇక్కడ నేను చూసింది ఒక్క తావే, చంద్రవంక దిగువన లోయలో."

"తోల్కపో సారూ, నీ కాల్మొక్త."

శిబిరంలో వంట చూసే ప్రమీలమ్మ అడ్డొచ్చింది. "దానికి మతి లేదు పంతులుగారూ. అడివిలో దారి తప్పి, ఒక్కతే వచ్చింది. అప్పట్నించీ ఆ పురుగు గోలే."

"మతి లేనోళ్లు కాళ్ల వెడల్పు చెప్పరక్కా. నువ్వూ తోడు రా."

మర్నాడు ముగ్గురూ లోయలోకి దిగారు. వాగు అంచున, నీడలో, గడ్డిపరకల మీద తెల్లటి పోగులు వణుకుతున్నాయి.

"ఇవేనా?"

"ఇవే సారూ."

గఫార్ సంబరంగా భూతద్దం తీశాడు. తల ఎత్తేసరికి చెన్నమ్మ గట్టు మీద పేర్చి ఉన్న రాళ్ల ముందు కూలబడి వాటిని తడుముతోంది.

"రాళ్లల్లో ఉండవమ్మా అవి. ఏం వెతుకుతున్నావు?"

"నా బిడ్డను."

"జొరమొచ్చి పోయిందా తల్లీ?" అంది ప్రమీలమ్మ.

చెన్నమ్మ తల అడ్డంగా ఊపింది. "ఏరు దాటినా రజాకార్లు ఎంటబడ్డరనుకున్న. చెట్లల్ల ఎవరో తురకం మాట్లాడుకుంట వస్తుండ్రు. ఏడిస్తే దొరుకుతమని నేనే దాని నోరు మూసిన. ఈ తెల్లపురుగులు వాలిన కాడనే రాళ్లు పేర్చిన."

"ఏ రోజమ్మా అది?" గఫార్ భూతద్దం దించాడు.

"రాకీల పున్నం తెల్లారి."

ఆ పొద్దు తమ్ముడితో ఉర్దూలో కబుర్లాడుతూ ఆ వాగు వెంట తూనీగలు పట్టింది గఫారే.