మంగళం పాడని భాగోతం

"మిగతా సగం కూడా పుయ్యి బావా" అన్నాడు అప్పలస్వామి.

నారాయణమూర్తి చేతిలో తెల్లరంగు అలాగే ఉండిపోయింది. అప్పుడే అతని ఫోనులో త్రినాథ్ గొంతు పెద్దగా వినబడింది. "పొద్దున బాంబు పడింది మావా. గోపి లేడు." ఫోను చెవికి ఆనించుకునేలోగానే పక్కన కూర్చున్న అప్పలస్వామి వినేశాడు.

గోపి అప్పలస్వామి ఒక్కగానొక్క కొడుకు. హోటల్లో వంటపని అని చెప్పి ఏజెంటు గోపినీ, పక్కింటి త్రినాథ్‌నీ విమానం ఎక్కించాడు. అక్కడ దిగాక యూనిఫారం తొడిగి యుద్ధానికి తోలారు.

భాగోతం బృందంలో ఒక కట్టుబాటు ఉంది. మొహాన రంగున్న మనిషికి చావుకబురు చెప్పకూడదు. మంగళం పాడి, రంగు కడిగాకే చెప్పాలి.

"నేను సెప్పకపోయినా నా ఫోను సెప్పీసింది" అని నారాయణమూర్తి తల పట్టుకున్నాడు. "ఆట ఆపేద్దాం. ఇంటికి పద."

"ఇంటికెల్తే మీ సెల్లికి సెప్పాల కదా. అదుగో, ముందు వరసలో కూకున్నాది. ఈ పూటకి నవ్వనీ బావా. మంగళం పాడినాక నేనే సెప్తాను."

నరసన్నపేట మార్కెట్ పక్క మైదానంలో ఎండ ఇంకా తగ్గలేదు. మద్దెల మోగింది. తెల్లమొహం, మెడలో టై, ఎర్రజుట్టు పెట్టుకుని పడమటి దొర వేషంలో అప్పలస్వామి వచ్చాడు.

"ఓ పేద ప్రజలారా! మీకోసం మానవ హక్కులు తెచ్చాను!"

"అంటే ఏటి దొరా? తినీదా, కట్టుకునీదా?" అన్నాడు హాస్యగాడి వేషంలో నారాయణమూర్తి.

"మూర్ఖుడా! బతకడం నీ హక్కు. బతకాలో వద్దో చెప్పడం నా హక్కు."

జనం గొల్లున నవ్వారు.

"మరి మా ఊరి మీద పడిన బాంబు ఎవలది దొరా?"

"నాదే. బాంబు పడ్డాక కప్పే దుప్పటీ కూడా నాదే. మా దయ అలాంటిది!"

ముందు వరసలో అతని భార్య పద్మకుమారి అందరికంటే గట్టిగా నవ్వింది. ఒక చేత్తో ఫోను పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. కొడుకు వెళ్ళినప్పట్నించీ ఆమెకి ఈ ఆటంటే గిట్టదు. బాంబుల మీద యెటకారమేటని మొగుణ్ణి తిట్టేది. ఆమదాలవలస స్టేషన్లో రైలు కదిలాక కూడా కిటికీ ఊచ వదలకుండా ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచిన మనిషి. ఆ తర్వాత ఆమె నవ్వడం అప్పలస్వామి చూడలేదు.

తరువాతి మాట నారాయణమూర్తిది. అతను ముందు వరసలోని చెల్లెలినే చూస్తున్నాడు.

"ఏమిట్రా, ఎవరో పోయారట? చెప్పి ఏడు!" అని దొర గద్దించాడు.

"మా... మా కుర్రోడు పోయాడు దొరా."

హాస్యగాడి గొంతు వణికింది. ఎంత బాగా నటించాడో అని జనం చప్పట్లు కొట్టారు.

"వాడు ఏ దేశస్థుడో ముందు చెప్పు. ఎంతసేపు ఏడవాలో నేను చెప్తాను."

అక్కడికి ఆట అయిపోవాలి. నారాయణమూర్తి మంగళం ఎత్తుకోబోయాడు. దొర చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు! నా విచారం ఇంకా వ్యక్తం చెయ్యలేదు!"

"మామూలు విచారమా దొరా, తీవ్ర విచారమా?"

"మీకు మామూలుదే. తీవ్ర విచారం మా వాళ్ళకి దాచుకున్నాను."

పద్మకుమారి మళ్ళీ నవ్వింది. ఆమె నవ్వుతున్నంతసేపూ అతను కొత్త మాటలు కల్పిస్తూనే ఉన్నాడు. బస్సుల వేళయిందని జనం లేచిపోతున్నారు. మద్దెల వాయించేవాడు చేతులు విదిలించుకున్నాడు.

"సాలు బావా. అందరూ ఎల్పోతన్నారు" అని గొణిగాడు నారాయణమూర్తి.

"ఆ దుప్పటి మాట ఇంకోపాలి సెప్పు దొరా!" ఖాళీ వరసలోంచి పద్మకుమారి అరిచింది.

అతను చెప్పాడు. మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాడు. చివరికి మద్దెల పక్కన కూర్చుండిపోయాడు. నారాయణమూర్తి ఒక్కడే మంగళం మొదలుపెట్టి, సగంలో ఏడ్చి ఆగిపోయాడు.

పద్మకుమారి వేదిక ఎక్కి వచ్చింది. అప్పలస్వామి నీళ్ళ చెంబు దగ్గరికి లాక్కున్నాడు.

"నీతో ఒక మాటుంది. మొహం కడుక్కుని సెప్తాను, కూకో."

ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె మొహంలో ఇప్పుడు నవ్వు లేదు.

"అప్పుడే కడక్కయ్యా."

"ఏటే?"

"కడిగితే, గోపి కబురు నేను నీకు సెప్పాల."