ఆవకాయ అలమర

ఒంగోలులో ఇప్పుడు ఏ వంటింటి అలమరయినా ఎదుట నిలబడ్డ మనిషి ఒంట్లో కొవ్వెంతో, గుండె ఎలా కొట్టుకుంటోందో చూసుకుని గానీ తలుపు తియ్యదు. ప్రసూనకు కొవ్వూ ఎక్కువ లేదు, గుండే బాగానే ఉంది. కానీ ఒంట్లోని రోగనిరోధక శక్తే తిరగబడి ఆమె జుట్టంతా రాల్చేసింది. అలాంటివాళ్లకు ముందు ముందు గుండెజబ్బు రావచ్చని అలమరకు ఎవరో నేర్పారు. దాంతో ఆమెకు ఉప్పూ, నూనే, ఆవకాయా అందవు. హోటళ్లలోనూ ఇదే తంతు. విగ్గు పెట్టుకున్నా దాని కింద ఏముందో అలమర కనిపెట్టేస్తుంది.

ఇన్నాళ్లూ అత్తగారు వెంగమాంబ తలుపు తీయించి, కోడలి కంచంలో ఇంత ఆవకాయ వేసేది. కోడలికి జుట్టు రావాలని మొక్కుకున్న ఆవిడ, చెప్పాపెట్టకుండా తిరుమల వెళ్లి గుండు చేయించుకొచ్చింది. వస్తూనే అన్నం వడ్డించి, అలమర ముందు నిలబడింది.

"మీ గుండె మాకు ముఖ్యం," అంది అలమర. తలుపు తెరుచుకోలేదు.

"ఏందిది? నేనేగా," అంది వెంగమాంబ, గుండు మీది గంధం తడుముకుంటూ.

"మీక్కూడా నా జబ్బే వచ్చిందనుకుంటోంది అత్తయ్యా."

ఇద్దరూ చప్పిడి పప్పన్నం ముందు కూర్చున్నారు.

"దిగులు పడబాకమ్మా. మూడు నెలలు ఓర్చుకో. నా జుట్టు రాంగానే మళ్లీ నేనే తీసి నీకు..."

తను మొక్కింది ఎవరి జుట్టు కోసమో వెంగమాంబకు అప్పుడు గుర్తొచ్చింది.

"తినండి అత్తయ్యా, చల్లారిపోద్ది," అంది ప్రసూన.