నీలం సిరా వేళ్లు

శిబిరం అధికారిగారైన మనవడికి,

తట్టు టీకాకి శిబిరం తల్లులు మొండికేశారని నిన్న సాయంత్రం పత్రికలవాళ్లతో అన్నావట. తప్పు నాయనా. నిన్న పొద్దున్నే వాళ్లంతా పిల్లల్ని చంకనేసుకుని వరుసకట్టారు. వెనక్కి పంపింది నర్సు.

"వేలికి నీలం సిరా ఉందిగా? టీకా అయిపోయినట్టే. మళ్లీ ఎందుకమ్మా?" అంది.

ఆమె తప్పేం లేదు. పోయిన వారం, మందు రాకముందే, మీ పెద్దసారు ఫొటో కోసం పిల్లలందరి వేళ్లకూ సిరా పూయించావు. వండకముందే ఎంగిలి కంచాలు కడిగించిన ఘనుడివి! ఈలోగా మూడో గుడారంలో ఇద్దరికి తట్టు పోసింది.

ఫొటోకి కళగా ఉంటుందని నీ కూతుర్ని కూడా ముందు నిలబెట్టావు, గుర్తుందా? నిన్న దాన్ని నేనే తీసుకెళ్లాను. దాని వేలు చూసి కూడా నర్సు తల అడ్డంగా ఊపింది. "అది ఉత్తుత్తి సిరా తల్లీ" అని ఎంత చెప్పినా, "అధికారిగారు రాసివ్వాలి మామ్మగారూ" అంది.

నర్సు రేపు మధ్యాహ్నం దాకే ఉంటుంది. ఆ సిరా ఉత్తుత్తిదేనని రెండు ముక్కలు నీ చేత్తో రాసి, సంతకం పెట్టి పట్రా. ఈ కార్డు నీ డ్రైవరు చేత పంపుతున్నాను. కవరు పెట్టకపోవడం మరుపు కాదు. వచ్చేటప్పుడు, టీకా వేశాక వేళ్లకి పూయడానికి ఒక ఎర్ర సిరా సీసా తే. నీలాన్ని ఇక్కడెవరూ నమ్మరు.