తల్లి కాపీ

"రీస్టార్ట్ మాత్రం చెయ్యనివ్వను తమ్ముడూ," అంటూ పెద్దక్క తన చేతిసంచీ తీసి కీబోర్డు మీద పెట్టింది.

చొక్కాల ఫ్యాక్టరీలో సరుకు పంపించే విభాగం ఆమెది. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని అక్కడందరూ అతుకులాయన అంటారు. కంప్యూటర్లకి ప్యాచ్‌లు వేయడానికి వచ్చానని మొదటిరోజు చెప్పగానే, "ప్యాచంటే అతుకేగా? మా దగ్గర అతుకు పడితే సరుకు తిప్పి పంపుతారు, మీకు జీతమిస్తారా?" అన్నాడు కటింగ్ మాస్టరు. పేరు అప్పుడే ఖాయమైపోయింది.

పని మాత్రం నవ్వులాట కాదు. సర్వర్ గదిలో తల్లి కాపీ ఒకటి ఉంటుంది. ఆఫీసులోని కంప్యూటర్లన్నీ బిల్లుల సాఫ్ట్‌వేర్‌ని దాన్నుంచే తెచ్చుకుంటాయి. కొత్తగా వచ్చిన సర్వీస్ ప్యాచ్‌లన్నిటినీ అతను ఆ తల్లి కాపీలో కలిపేశాడు. ఇక ఒక్కో పిల్ల కంప్యూటరూ రీస్టార్టయి, పాతది వదిలేసి కొత్తది తెచ్చుకోవాలి. తెచ్చుకోని పిల్లని తల్లి గుర్తుపట్టదు. గుర్తుపట్టకపోతే బిల్లు రాదు, బిల్లు లేకపోతే లారీ కదలదు.

మేనేజరు నుంచి పొద్దున్నే మెయిల్ వచ్చింది. ఆయన్ని అతుకులాయన ఇంతవరకూ చూడలేదు, తిట్లన్నీ మెయిల్లోనే తిన్నాడు. సాయంత్రానికి అన్ని కంప్యూటర్లూ అయిపోవాలట. తన కంప్యూటర్ని తానే పరీక్షిస్తాడట. తేడా వస్తే మర్నాటి నుంచి రానక్కర్లేదట. బావమరిది కాళ్ళావేళ్ళా పడి ఇప్పించిన ఉద్యోగమిది. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, "నేనప్పుడే అనుకున్నా బావా" అని వాడు అనడం ఇంకో ఎత్తు.

అందరివీ అయ్యాయి. మిగిలినవి రెండే, మేనేజరుదీ పెద్దక్కదీ.

పెద్దక్క నీళ్ళ సీసా కోసం అటు తిరగ్గానే అతుకులాయన మెల్లిగా సంచీ జరిపి ఒక మీట నొక్కాడు. కంప్యూటర్ గర్జించింది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావ్? చూసి నొక్కు, మొద్దూ!"

అతను అదిరిపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

"భయపడకు, ఆయనే," అంది పెద్దక్క. "తప్పు నొక్కితే తిడతారు."

పక్కన ఖాళీ కుర్చీ ఉంది. పెద్దక్క దాంట్లో టిఫిన్ డబ్బా పెట్టుకుంది. ఆ కుర్చీ ఆయనదేనట, ఈ విభాగం సూపర్‌వైజరుగా ఉన్నప్పటిది. ఏళ్ళ తరబడి పక్కపక్కనే కూర్చున్నారట. రోజూ తిట్టలేక నోరు నొప్పి పుట్టి, ఒకరోజు ఆయనే ఆ మాటలు రికార్డు చేసి ఆమె కంప్యూటర్లోకి ఎక్కించారట.

"ఇప్పుడు ఆయన..." అని ఆగాడు అతుకులాయన.

పెద్దక్క చూపుడువేలు పైకెత్తింది. "ఉన్నట్టుండి పైనుంచి పిలుపొచ్చింది. పూలదండ వేసి పంపించాం. ఆ మధ్యాహ్నం ఒక్కరికీ పని చేయబుద్ధి కాలేదు."

అతుకులాయన ఖాళీ కుర్చీకి కాస్త ఎడంగా జరిగాడు. ఎంత నరకం పెట్టినా పోయినవాళ్ళు పోయినవాళ్ళే. తను రీస్టార్ట్ చేస్తే ఆ కాస్త గొంతూ పోతుంది, ఎందుకంటే పాత ఫోల్డరంతా తుడిచిపెట్టుకుపోతుంది. చేయకపోతే తన ఉద్యోగం పోతుంది.

"ఆ తిట్టు వింటే మీకు బాధనిపించదా అక్కా?"

"బాధెందుకు? పక్కనున్నప్పుడు నన్నొక్క మాట ఆడనిచ్చేవారు కాదు. ఇప్పుడు 'సరే' మీద నొక్కితే నోరు మూసుకుంటారు. ఒక్కోరోజు కావాలనే తప్పు నొక్కుతాను."

అంటూనే ఒక తప్పు మీట నొక్కి, మొద్దూ అనిపించుకుని, 'సరే' నొక్కి చల్లగా నవ్వింది. ఆ నవ్వు చూసి అతుకులాయన కళ్ళు తుడుచుకున్నాడు.

గొంతుని విడిగా దాచి మళ్ళీ పెట్టొచ్చు. కానీ తల్లి కాపీ నుంచి తాజాది దిగిన ప్రతిసారీ అది మళ్ళీ చెరిగిపోతుంది. అదే ఆమెకి వివరించాడు.

"అయితే తల్లిలోనే పెట్టెయ్," అంది పెద్దక్క.

"అప్పుడు తప్పు నొక్కిన వాళ్ళందరికీ వినిపిస్తుందక్కా."

"వినిపించనీ. అందరం ఆయన చేతికింద నలిగినవాళ్ళమే."

అతుకులాయన సర్వర్ గదికి వెళ్ళాడు. ప్యాచ్‌ల పక్కనే ఆ గొంతునీ భద్రంగా తల్లి కాపీలో పెట్టాడు. అందరి చేతా ఇంకోసారి రీస్టార్ట్ చేయించి, మేనేజరు కంప్యూటర్‌కి కూడా అక్కణ్ణించే పంపించాడు.

కాసేపటికి హాల్లో ఎవరో తప్పు నొక్కారు. గొంతు గర్జించగానే గుమాస్తాలిద్దరు లేచి నిలబడ్డారు. కటింగ్ మాస్టరు టీ గ్లాసు బల్లకింద దాచాడు. పోయినాయనకి ఇంత గౌరవమా అనుకుని అతుకులాయన మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. పెద్దక్క మాత్రం మొహానికి పైటచెంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. పాపం, ఏడుస్తోంది.

ఆ ఊపులోనే పై అంతస్తులో ఉన్న మేనేజరు గదికి మెట్లెక్కాడు. పని పూర్తయింది. ఉద్యోగం నిలిచినట్టే. ఒక మంచిపనీ చేశాడు. బావమరిదికి ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ తలుపు ముందు నిలబడ్డాడు.

లోపల్నుంచి "కళ్ళెక్కడ పెట్టుకున్నావ్? చూసి నొక్కు, మొద్దూ!" అని వినిపించింది.

మేనేజరు కూడా తప్పే నొక్కాడన్నమాట. అతుకులాయన నవ్వాపుకుంటూ తలుపు తోసి, గుమ్మం తట్టుకుని, తూలి బల్లమీది నీళ్ళగ్లాసు పడేశాడు. గదిలో మేనేజరు తప్ప ఇంకెవరూ లేరు.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావ్? చూసి నడు, మొద్దూ!"

అదే గొంతు. ఈసారి తిట్టింది కంప్యూటర్ కాదు.